ఖైమా మేడమ్

ఆ ప్రయోగశాలలో ఆమెను అందరూ ఖైమా మేడమ్ అనేవారు, వెనకాల. ఆ సంగతి ఆమెకు తెలుసు. అంత చిన్న పేరు తట్టడానికి ఇంతమంది ఇంజినీర్లకు మూడేళ్లు పట్టిందే అన్నదే ఆమె బాధ.

ఆమె పని ఒంట్లో అమర్చే వైద్య పరికరాలకు యాంటెన్నాలు తయారు చేయడం. వేలిగోరంత పలక మీద రాగి గీతను మెలికలు మెలికలుగా తిప్పి, ఆ ఒక్క గీత చేతే మూడు పనులు చేయించాలి. ఒక పౌనఃపున్యంలో గుండె సంగతులు డాక్టరుకు పంపాలి, ఇంకోదాంట్లో నిద్రపోయే పరికరాన్ని లేపాలి, మూడోదాంట్లో బయటి నుంచి ఛార్జింగ్ అందుకోవాలి. పద్దెనిమిదేళ్ల అనుభవం ఆమెకు నేర్పింది ఒక్కటే: గాలిలో హాయిగా పలికే యాంటెన్నా మాంసంలోకి దిగగానే గొంతు మార్చేస్తుంది, ఒక్కోసారి మూగబోతుంది. అందుకే ప్రతి నమూనానూ ఖైమాలో, మెత్తగా కొట్టిన మాంసంలో, పాతిపెట్టి కొలిచేది.

"ఈసారి కొవ్వు ఎంత కలపమంటారమ్మా?" అనేవాడు మాంసం కొట్టతను.

"పావు వంతు. పోయినసారి తక్కువేశావు, నా కొలతంతా తప్పింది."

అతను కొవ్వు మళ్లీ తూచేవాడు. శ్రద్ధగా పనిచేసే మనిషి తనకు తెలిసినంతలో ఇతనొక్కడే అని ఆమె అభిప్రాయం.

ఇంతలో ప్రయోగశాలకు అధిపతిగా కొత్త పెద్దాయన వచ్చాడు. సోల్డరింగ్ ఐరన్‌ను ఏ కొస పట్టుకోవాలో కూడా ఆయనకు తెలియదని ఆమె గట్టి నమ్మకం. నెల తిరక్కుండానే తన సొంత యాంటెన్నా ఒకటి తెరమీద చూపించాడు. ఆమెదానిలో సగం సైజు, గ్రాఫులో ఒక్కో పౌనఃపున్యం దగ్గర ఒక్కోటిగా మూడు చక్కని లోయలు.

"మీరు ఇన్నేళ్లలో చేయలేనిది నేను పద్దెనిమిది రోజుల్లో చేశాను. చూశారా?"

"ఇది గాలిలో కొలిచింది సార్."

"గాలిలో పనిచేసేది ఎక్కడైనా పనిచేస్తుంది."

ఆమె నవ్వలేదు. నవ్వడానికైనా ఎదుటివాడికి కాస్త అర్హత ఉండాలి. నమూనా తీసుకెళ్లి ఖైమాలో పెట్టింది. రెండు లోయలు పక్కకు జారిపోయాయి. పరికరాన్ని లేపాల్సినది అసలు కనిపించనే లేదు.

"ఖైమాలో చచ్చింది సార్."

"మనం పెట్టేది మనుషులకండీ, ఖైమాకి కాదు. రిపోర్టు మీద సంతకం పెట్టండి. వచ్చేవారం ఆసుపత్రి వాళ్లొస్తున్నారు."

"మనుషుల్ని దేంతో చేశారనుకుంటున్నారు సార్?"

సంతకం పెట్టలేదు. మర్నాటికల్లా ఆమె బల్ల స్టోర్‌రూములో, విరిగిన కుర్చీల పక్కన తేలింది. ఏళ్ల తరబడి సందేహం వస్తే చాలు ఆమె దగ్గరికి పరిగెత్తుకొచ్చినవాళ్లు ఇప్పుడు ఆమె ఎదురుపడితే తమ చెప్పులు చూసుకుంటున్నారు.

"ఒక్క సంతకమేగా, గీకి పారేయకపోయావా?" అంది ఇంట్లో అక్క.

"అది నిద్రలేవకపోతే లోపల గుండె ఎలా ఉందో ఎవరికీ తెలీదక్కా."

"నువ్వు పెట్టకపోతే ఇంకొకడు పెడతాడు."

"పెట్టనీ. అది నా చెయ్యి కాదుగా."

ఆసుపత్రి వాళ్లు వచ్చిన రోజు, వాళ్లలో ఒక పొట్టి సర్జనమ్మ, "దీన్ని ఎంత లోతున పెట్టి కొలిచారు?" అని అడిగింది. పెద్దాయన తరువాతి స్లైడుకు వెళ్లాడు. ఆవిడ మళ్లీ అడిగింది. ఆయన ఇంకో స్లైడు తిప్పాడు. మూడోసారి అడిగేసరికి స్లైడ్లు అయిపోయాయి. స్టోర్‌రూముకు కబురు వెళ్లింది.

ఆమె ఖైమా డబ్బా పట్టుకొచ్చి బల్లమీద పెట్టింది. పెద్దాయన యాంటెన్నాను అందులో కూరింది. ఎదుట ఉన్న, సిగ్నలు అందుకునే రీడరు ఉలకలేదు, పలకలేదు. తనది కూరింది. రీడరు మీద పచ్చదీపం వెలిగింది.

"కంపు భరించలేకపోతున్నాను గానీ, నాకు ఇదే కావాలి," అంది సర్జనమ్మ ముక్కు మూసుకుని.

ఆమె యాంటెన్నానే తీసుకున్నారు. కాగితాల మీద మొదటి పేరు మాత్రం పెద్దాయనదే. ఒంట్లో పెట్టినట్టే మాంసంలో పెట్టి పరీక్షించాలన్నది మొదటి నుంచీ తన పట్టుదలేనని ఆయన తర్వాత ఒక సభలో చెప్పాడు కూడా. ఆమె బల్ల మళ్లీ కిటికీ దగ్గరికి వచ్చింది. సహోద్యోగులు టీ కప్పులతో చుట్టూ చేరారు.

"మీదే కరెక్టని మాకు ముందే తెలుసు మేడమ్."

"తెలిసే నోరు మూసుకున్నారా? అయితే మీకంటే ఆయనే నయం. ఆయనకు నిజంగానే తెలీదు."

కప్పులు ఎలా వచ్చాయో అలాగే వెనక్కి వెళ్లాయి.

కొన్ని నెలలకు ఆ పరికరాన్ని మొదటిసారి ఒక ముసలి దర్జీకి అమర్చారు. సర్జనమ్మ ఆమెను పిలిపించింది. గుండె సంగతులు అంకెలై తెరమీద వరసగా దిగుతున్నాయి.

"నా లోపలి మాటలన్నీ బయటికి వినపడతాయా తల్లీ?" అన్నాడు దర్జీ బెదురుగా.

"గుండె కొట్టుకోవడం ఒక్కటే తాతా. మిగతావి మీ దగ్గరే ఉంటాయి."

ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. ఆమె మాత్రం తెర దగ్గరికి వంగింది. సిగ్నలు తను లెక్కగట్టినదానికంటే కాస్త నీరసంగా ఉంది. పనిచేయడానికి అది చాలు, ఎవరూ అడగరు. "పద్దెనిమిదేళ్లు ఏం వెలగబెట్టాను?" అని తనను తానే ఈసడించుకుంటూ, సంచిలోంచి కాగితం తీసి కొత్త మెలిక గీయడం మొదలుపెట్టింది.