f(5)లో మిగిలిపోయిన రెండు

నేను ఎనిమిదో తరగతిలో బడి మానేసినందుకు మాకు లెక్కలు చెప్పే వాద్యారు పిళ్ళయార్ గుడిలో వినాయకుడికి కొబ్బరికాయ కొట్టాడని రాజపాళయమంతా చెప్పుకునేవారు. అబద్ధం. రెండు కొట్టాడు.

ఆ తరువాత పిండిమరలో పనికి చేరాను. పందొమ్మిది వందల అరవైలలో మా చెల్లెలు బస్సెక్కి పక్క ఊరి కాలేజీకి వెళ్ళి పి.యు.సి. చదివేది. లెక్కల్లో ఒకసారి తప్పింది. మళ్ళీ తప్పితే చదువు మాన్పిస్తానని నాయన తేల్చి చెప్పేశాడు. రెండో పరీక్ష రేపనగా, సాయంత్రం ఇంటి ముందు తిన్నె మీద కూర్చుని, ఎర్ర సిరాతో కొట్టేసిన పాత జవాబు చూసుకుంటూ కళ్ళు తుడుచుకుంటోంది.

తొంగి చూశాను. f(x) = x² + 3x.

“ఏమే, f ని x తో గుణించాలనా?”

“అయ్యో, లేదన్నా! f అనేది చేసే పనికి పేరు. బ్రాకెట్లో ఏది ఇస్తే దాన్ని x ఉండే చోటంతా పెట్టాల. f(2) అంటే నాలుగూ ఆరూ పది. అది సరిగానే వచ్చినాది. f(5)కి ముప్పై ఒకటి వేసినాను, కొట్టేసినారు. ఎందుకో తెలీలేదు.”

“మా మర మాదిరే అను. నిన్న ఎదురింటి అత్త గోధుమలు పోసినాది. ముందు మిరపకాయలు ఆడించినామని మేము చెప్పలేదు. చపాతీ తిని మామ చెంబుడు నీళ్ళు తాగినాడంట!”

పకపకా నవ్వింది. నవ్వుతూనే కాగితం లాక్కుంది. అక్కడ 25 + 6 అని ఉంది.

“అన్నా, ఇక్కడా మిరపకాయే! ఐదుని ఒక చోటే పెట్టినాను. రెండో x లో పాత రెండే ఉండిపోయినాది. ఇరవై ఐదూ పదిహేనూ, నలభై!”

ఇక దీపాలు పెట్టేదాకా నేను అంకెలు చెప్పడం, ఆమె లెక్క కట్టడం. మైనస్ రెండు ఇస్తే మైనస్ రెండే వచ్చింది.

“పోసింది పోసినట్టే వస్తే కరెంటు పోయినాదని అర్థం,” అన్నాను.

“కరెంటు ఉంది. నాలుగులో ఆరు తీసి చూడు.”

చూశాను. ఉంది.

చెల్లెలు పాసయింది. “సరి, చదువుకో పో,” అన్నాడు నాయన. నేను మాత్రం గడప తొక్కిన వాళ్ళందరికీ మిరపకాయల కథ చెప్పి, పాఠం నేర్పింది నేనేనని ఛాతీ విరుచుకునేవాణ్ణి.

ఒకనాడు చెల్లెలు కాఫీ ఇస్తూ అంది:

“మా పుస్తకంలో f(x) = 7 అని ఒకటుంది అన్నా. ఏది ఇచ్చినా ఏడే. నిన్ను చూసే రాసినారేమో. ఎవరొచ్చినా నీ నోట అదే కథ!”