షాబాదు బండలో ఆకు

కళ్లు పోవడం మొదలయ్యాక మా బాపుకు రాళ్ల పిచ్చి పట్టుకుంది.

అంతకుముందు ఆయన సర్కారు రోడ్ల శాఖలో లారీ నడిపేవాడు. ఊరి బయటి క్వారీల నుంచి కంకర, బండలు తెచ్చి పోసేవాడు. ఇన్నేళ్లు మోశాను గానీ ఒక్క రాయినీ సరిగ్గా చూసిన పాపాన పోలేదని తర్వాత తనే అనేవాడు. షుగరు ఉందని తెలిసేసరికే కుడికన్ను మసకబారింది. ఒకరోజు పొద్దున శాలిబండ మలుపులో పక్కనుంచి వస్తున్న పండ్ల బండి కనిపించక దాన్ని గుద్దాడు. మనుషులకేం కాలేదు. కానీ ఆ తర్వాత ఆయన చేతికి లారీ ఇవ్వలేదు. పురానాపూల్ దగ్గర నది ఒడ్డున ఆ శాఖకు రాళ్లు నిలవచేసే గోదాము ఒకటి ఉండేది. అక్కడ కాపలాకు వేశారు.

మేం లాల్‌దర్వాజాలో గుడి వెనక గల్లీలో రెండు గదుల కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. అమ్మ మిషన్ మీద జాకెట్లు కుట్టేది. నేనొక్కదాన్నే సంతానం. అప్పుడు ఇంటర్ చదువుతున్నాను. డెబ్బైలు సగం దాటిన కాలం అది.

గోదాములో బాపుకు చేసే పనేమీ లేదు. చుట్టూ గుట్టలు గుట్టలుగా రాళ్లు, మధ్యలో ఒక స్టూలు. స్టీరింగు పట్టిన చేతులు ఊరికే ఉండలేకపోయాయేమో, ఒక సాయంత్రం ఖాళీ టిఫిన్ డబ్బాలో ఒక రాయి పెట్టుకుని వచ్చాడు. గులాబీ రంగు రాయి. ఒక పక్కకు తిప్పితే అద్దం ముక్కలా తళుక్కుమంది.

"బిడ్డా, గిదేం రాయో నీ సదువుల ఉంటదా?" అన్నాడు.

నా చదువులో లేదు. నాకు సిగ్గేసింది. వచ్చిన ఆదివారం ఇద్దరం ఆబిడ్స్‌లో ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలమ్మే చోటికి వెళ్లి వెతికాం. రాళ్లు, ఖనిజాలు గుర్తుపట్టడం ఎలాగో చెప్పే ఇంగ్లీషు పుస్తకం ఒకటి దొరికింది. అట్ట లేదు, రంగుల బొమ్మలు సగం ఊడిపోయాయి. రోజూ సాయంత్రం నేను చదివి తెలుగులో చెప్పేదాన్ని. బాపు మంచం మీద బాసింపట్టు వేసుకుని, ఒళ్లో రాయి పెట్టుకుని వినేవాడు.

రంగు చూసి మోసపోవద్దని ఆ పుస్తకం మొదటి మాట. గోటితో గీకి చూడాలి, రాగి పైసాతో గీకాలి, తర్వాత చాకుతో, తర్వాత గాజుపెంకుతో. దేనికి గీత పడుతుందో, దేనికి పడదో చూసుకుంటే రాయి ఎంత గట్టిదో తెలుస్తుంది. పింగాణీ ముక్క గరుకు వైపున రాయిని రుద్దితే పడే చార రంగు కూడా ఒక ఆనవాలు. సున్నపురాయి అయితే కక్కూసు కడిగే యాసిడ్ చుక్క పడగానే బుస్సుమని పొంగుతుంది. మా వంటింటి చాకు పదును నెల తిరగకుండానే పోయింది.

"కూరగాయలు దేంతోని కొయ్యాలె? పండ్లతోని కొర్కాల్నా?" అని అమ్మ లొల్లి చేసేది.

"రాళ్లు గట్టియా చాకు గట్టిదా సూస్తున్నం. జర ఆగు," అనేవాడు బాపు.

ఆ గులాబీ రాయి ఫెల్డ్‌స్పార్ అని తేల్చుకోవడానికి మాకు చాలా రోజులు పట్టింది. మొదట దాన్ని పలుగురాయి అనుకున్నాం. పలుగురాయి పగిలితే సీసా పెంకులా వంకరగా పగులుతుంది. ఇది మెట్లు మెట్లుగా, చదునుగా పగిలింది. గ్రానైటు గుట్టలు ఎర్రగా కనిపించడానికి ఇదే కారణమని పుస్తకంలో చదివి, మన ఊరి గుట్టలూ అవేనని చెప్పిన రోజు బాపు ఆ రాయిని ఒళ్లోంచి తీసి చేత్తో తూచి చూశాడు. "నేను ముప్పై ఏండ్లు ఎక్కించింది, దించింది గిదేనా," అన్నాడు.

తప్పులు బోలెడు చేశాం. పచ్చని గాజులాంటి ముక్క దొరికితే రత్నమనుకుని గుడ్డలో కట్టి దాచాం. అది ఏదో కొలిమిలోంచి పారేసిన చిట్టెమని తర్వాత తెలిసింది. గోదాములో బాపుతో పాటు కాపలా ఉండే పెద్దాయన నవ్వేవాడు. "పత్థరాఁ కో క్యా పూఛ్‌తే భాయ్, కుఛ్ బోల్‌తే క్యా వో?" అనేవాడు. రాళ్లు ఏమైనా జవాబు చెప్తాయా అని. బాపు కూడా నవ్వేవాడు. ఆయన నవ్వడం నేను చూసింది ఆ ఒక్క ఏడాదే అనుకుంటాను.

ఈలోగా ఎడమకన్ను కూడా తగ్గుతూ వచ్చింది. పెద్దాసుపత్రి డాక్టరు లోపల నరాలు చిట్లాయని, పోయిన చూపు ఇక రాదని చెప్పాడు. ఇంటికొచ్చే దారిలో బాపు, "రంగు సూసి మోసపోవద్దన్నది గద పుస్తకం. నాకింక రంగుల ఫికర్ లేదు," అన్నాడు.

నిజంగానే కొన్నాళ్లు అలా నడిచింది. చారల రంగు నేను చెప్పేదాన్ని. బరువు చేత్తో తూచేవాడు. యాసిడ్ పొంగే చప్పుడు చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. బలపం రాయిని బొటనవేలితో రుద్ది, సబ్బులా ఉందని వెంటనే చెప్పేసేవాడు. మంచం కింద రాళ్లు పెరిగాయి. ఏది ఎక్కడుందో ఆయనకు తెలుసు. అమ్మ ఊడుస్తూ ఒకటి జరిపితే కనిపెట్టేవాడు.

గోదాముకు తాండూరు వైపు నుంచి షాబాదు బండలు దిగినప్పుడు ఆకు దొరికింది. బాపును ఇంటికి తీసుకురావడానికి కాలేజీ నుంచి నేరుగా గోదాముకు వెళ్లేదాన్ని. ఆరోజు ఒక బండ దింపుతుంటే పొరలుగా విడిపోయింది. లోపలి పొర మీద నల్లగా, సన్నగా, కొమ్మకు కొమ్మ, రెమ్మకు రెమ్మ తొడిగిన ఆకు. గీసినట్టు కాదు, మొలిచినట్టు ఉంది.

"బాపూ, గిందుల చెట్టున్నది," అన్నాను.

"ఏ చెట్టు?"

చెప్పాను. పుస్తకం చివర శిలాజాల మీద ఒక భాగం ఉండేది. కోట్ల ఏళ్ల కిందటి ఆకులు బురదలో పడి, బురద రాయై, ఆకు ముద్ర మిగిలిపోతుందని. అక్కడి బొమ్మలు ఊడిపోయాయి గానీ మాటలున్నాయి. ఆ మాటలకు ఈ ఆకు సరిగ్గా సరిపోయింది. బాపు బండ మీద అరచేయి పెట్టి తడిమాడు. మళ్లీ తడిమాడు.

"చేతికేం దొర్కుతలేదు గద బిడ్డా."

"మస్తు సన్నగున్నది బాపూ. గందుకే."

గోదాము అధికారిని అడిగి ఆ ముక్క తెచ్చుకున్నాం. పాత తువ్వాలలో చుట్టి తలగడ పక్కన పెట్టుకున్నాడు. ఇంటికి ఎవరొచ్చినా తువ్వాల విప్పించేవాడు. "మనిషి పుట్టకముందు ఆకు. నా చేతికి దొర్కింది," అనేవాడు. చూడలేని మనిషి చూపిస్తుంటే వచ్చినవాళ్లు ఏమనాలో తెలియక తలూపేవాళ్లు. అమ్మ కూడా ఆ ఒక్క రాయిని ఏమీ అనలేదు. గోదాము పని ఎన్నాళ్లుంటుందో తెలియని రోజులవి. ఏదో ఒకటి మాకు దక్కిందని ముగ్గురం అనుకున్నాం.

అది ఏ చెట్టు ఆకో తెలుసుకోవాలని బాపు పట్టుబట్టాడు. నది అవతల ఒక కాలేజీలో రాళ్ల శాస్త్రం చెప్పే లెక్చరర్ ఉన్నాడని తెలిసి ఇద్దరం బస్సెక్కి వెళ్లాం. బాపు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. తువ్వాల మూట ఒళ్లో పెట్టుకుని, మలుపు వచ్చినప్పుడల్లా రెండు చేతులతో అదిమి పట్టుకున్నాడు.

లెక్చరర్ మంచివాడు. కుర్చీలు వేయించాడు. బండను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, భూతద్దంలో చూసి, తిరిగి వచ్చి బాపు ఎదురుగా కూర్చున్నాడు.

"ఇది ఆకు కాదండీ," అన్నాడు. "రాతి పగుళ్లలోకి నీళ్లు దిగుతాయి. ఆ నీళ్లలో మాంగనీసు అనే పదార్థం ఉంటే, అది ఇలా కొమ్మలు కొమ్మలుగా పేరుకుంటుంది. కొత్తగా రాళ్లు సేకరించేవాళ్లందరూ దీన్ని చూసి ఆకే అనుకుంటారు. మీరొక్కరే కాదు."

బాపు ఖాళీ తువ్వాలను ఒళ్లో మడత పెట్టాడు.

"అంటె సార్, గిందుల ఎన్నడూ పాణం లేదా?"

"లేదండీ. ఇది మరక."

"అచ్ఛా," అన్నాడు బాపు.

ఆయన మొహం చూసి లెక్చరర్‌కు జాలేసినట్టుంది. అద్దాల బీరువా తెరిచి ఒక రాయి తెచ్చి బాపు చేతిలో పెట్టాడు. గుండ్రంగా, చుట్టలు చుట్టుకున్న శంఖంలా ఉంది. దాని నిండా లోతైన గాట్లు, దువ్వెన పళ్లలా వరసగా. "ఇది మాత్రం నిజమైన శిలాజం. ఒకప్పుడు సముద్రంలో బతికిన ప్రాణి. చూడక్కర్లేదు, వేళ్లతో తడిమితే చాలు, తెలిసిపోతుంది," అన్నాడు.

బాపు దాన్ని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. వేళ్లు ఆ గాట్ల మీదుగా వెళ్లాయి. ఒకసారి చుట్టూ తిరిగి మళ్లీ మొదటికి వచ్చాయి.

"మంచిగున్నది సార్," అన్నాడు. "నున్నగున్నది."

లెక్చరర్ నా వైపు చూశాడు. నేను బాపు వేళ్ల వైపు చూశాను. షాబాదు బండ మీద ఏమీ తగలకపోవడం మామూలే. కానీ ఈ గాట్లు పసిపిల్లల చేతికైనా తెలుస్తాయి. బాపు ఆ రాయిని జాగ్రత్తగా, ఎక్కడ పెట్టాలో తెలియక గాలిలోనే చాచి పట్టుకున్నాడు. లెక్చరర్ లేచి అందుకున్నాడు.

బస్టాపు దగ్గర అడిగాను.

"ఎప్పటిసంది బాపూ?"

"వానకాలం సంది. గ్లవుజులు తొడుక్కున్నట్టున్నది," అన్నాడు. "నువ్వు చెప్పెడిదాంతోని, బరువుతోని అందాజగ చెప్తున్న. అమ్మకు చెప్పకు."

బండను మళ్లీ ఇంటికే తెచ్చాం. తువ్వాల తీసి అమ్మ ఉతికి ఆరేసింది. బండ మిగతా రాళ్లతో పాటు మంచం కిందికి పోయింది.

ఆ తర్వాత కూడా నేను కొన్నాళ్లు సాయంత్రాలు పుస్తకం తీశాను. ఒక రాయి చేతికిచ్చి ఏంటో చెప్పమనేదాన్ని. నల్లరాయిని ఇనుపరాయి అన్నాడు. ఫెల్డ్‌స్పార్‌ను పలుగురాయి అన్నాడు. కాదని చెప్పలేక అవునన్నాను. ఆయనకు తెలిసిపోయింది. "ఊకె అవునంటె ఎట్ల బిడ్డా," అని రాయి పక్కన పెట్టేశాడు. ఆ రోజుతో అది ఆగిపోయింది.

ఎండాకాలం మొదట్లో ఒక సాయంత్రం గోదాము నుంచి ఇద్దరం నడిచి వస్తున్నాం. బాపు మామూలుగానే నా భుజం మీద చేయి వేసి నడుస్తున్నాడు. ఇంట్లోకి రాగానే అమ్మ నేల చూసి కేక పెట్టింది. గడప నుంచి మంచం దాకా నెత్తుటి మరకలు. కాలు ఎత్తి చూస్తే, చెప్పులోకి దూరిన ఒక పలుగురాయి ముక్క అంగుళం మేర అరికాల్లో దిగి ఉంది. పురానాపూల్ నుంచి దాన్ని తొక్కుకుంటూ వచ్చాడు. ఏమీ తెలియలేదు.

నేను ముక్క లాగి తీశాను. అప్పుడు కూడా ఆయన కాలు కదపలేదు.

"ఏం రాయి?" అన్నాడు.

"పలుగురాయి బాపూ."

"పదునుంటది," అన్నాడు.

పుండు మానలేదు. పసుపు పెట్టాం, పెద్దాసుపత్రికి తిప్పాం. ముందు రెండు వేళ్లు తీశారు. తర్వాత పాదం నల్లబడింది. వానలు పడేనాటికి మోకాలి కిందివరకు తీసేశారు. గోదాము పని పోయింది. నేను చదువు ఆపి టైపు నేర్చుకుని, ఒక ఆఫీసులో చేరాను. పగలంతా బాపు గోడవైపు తిరిగి పడుకునేవాడు. అమ్మ మిషన్ చప్పుడు తప్ప ఇంట్లో మాటలుండేవి కావు. నొప్పి ఉందా అని అడిగితే, ఉంటే బాగుండేదని అనేవాడు.

ఆ ఏడే మా పక్కింటివాళ్లు ఇల్లు కట్టుకోవడం మొదలుపెట్టారు. పునాదిలో పోయడానికి రాళ్లు తక్కువపడ్డాయని మేస్త్రీ గల్లీ అంతా అడుగుతున్నాడు. మంచం పక్కన మలమూత్రాల పళ్లేలు పెట్టడానికి చోటు చాలక అమ్మ అవస్థ పడుతోంది. ఆమె నోరు తెరిచి అడగలేదు. బాపే అన్నాడు.

"మంచం కిందియి వాండ్లకు ఇచ్చెయ్యి."

"ఆగు బాపూ. నేను సర్దిపెడ్త," అన్నాను.

"ఎందుకు? నేను సూడలేను, తాకలేను. నీకు తీర్కలేదు. ఇచ్చెయ్యి."

ఇద్దరు కూలీలు తట్టలు తెచ్చారు. నేను వంగి ఒక్కొక్కటే తీసి అందించాను. గులాబీ రాయి, బలపం రాయి, చిట్టెం, ఆకు మరక ఉన్న బండ. బాపు కళ్లు మూసుకుని ఉన్నాడు. బయట తట్ట బోర్లించిన చప్పుడు ప్రతిసారీ లోపలికి వినిపించింది. కాసేపటికి నేను గుమ్మంలోకి వెళ్లి చూశాను. మా రాళ్లు గుంతలోని మిగతా రాళ్లలో కలిసిపోయాయి. ఏది మాదో పోల్చుకుందామని నిలబడ్డాను. ఒక్కటీ పోల్చుకోలేకపోయాను. అప్పటికే పైన సున్నం, ఇసుక పోస్తున్నారు.

లోపలికి వచ్చేసరికి అమ్మ మంచం కింద ఊడ్చి, తడిగుడ్డ పెట్టింది.

"జాగ అయ్యిందా?" అన్నాడు బాపు.

"మస్తు అయ్యింది," అంది అమ్మ.

బాపు ఆ చలికాలం దాటలేదు.