నూట పద్దెనిమిదో కార్డు

2022 వానాకాలం. సోలాపూర్‌లో కుంఠా నాకా దగ్గర నా దుకాణం. చద్దర్ల మీద నెమళ్లు, పూలు నేసే జకార్డ్ మగ్గాలకు కార్డులు పంచ్ చేయడం నా పని. డిజైన్‌ని గ్రాఫ్ కాగితం మీద గీస్తారు. అందులో ఒక్కో అడ్డు వరుసకు ఒక అట్ట కార్డు. కార్డుకు రంధ్రం ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. ఇరవై ఏళ్లుగా చేస్తున్న పని. మధ్యలో ఫోన్ మాట్లాడినా, చాయ్‌కి లేచినా నా చెయ్యి తప్పదని మహా గర్వంగా ఉండేవాణ్ణి.

ఒక పొద్దున అంబదాస్ నేను కొట్టిచ్చిన కార్డులతో నేసిన చద్దర్ పట్టుకొని వచ్చాడు. ఇంటి ముందు షెడ్డులో రెండు మగ్గాలున్న మనిషి. చద్దర్ మీద ప్రతి నెమలి మెడకూ కోసినట్టు ఒక అడ్డగీత.

"నీ మగ్గం సక్కగ నడుస్తలేదు. కార్డు మీద ఎయ్యకు," అని కసిరాను.

అతను ఎదురు చెప్పలేదు. "ఒక్కసారి వచ్చి చూడుండ్రి అన్నా, జర లౌకర్, జల్ది రాండ్రి. మూడింటికి వ్యాపారి నమూనా చూడనీకి వస్తుండు. రెండు నెలల సంది పని లేదు. ఈ ఆర్డర్ పోతె మగ్గాలు అమ్మి ఇంకొకరి షెడ్డుల కూలికి పోవుడే."

వెళ్లాను. తాడుతో వరుసగా కుట్టిన కార్డుల దండను మగ్గం మీంచి దించి, ఒక్కొక్కటీ గ్రాఫ్‌తో పోల్చి చూడాలి. నాలుగు వందల పైచిలుకు. అరవై దాకా వెళ్లేసరికి ఫోన్ మోగింది. మాట్లాడి వచ్చేసరికి ఎక్కడ ఆపానో తెలియలేదు. మళ్లీ మొదలుపెడితే ఎనభై దగ్గర ఇంకో ఫోన్. మూడోసారీ అంతే. పన్నెండు దాటింది. నాకు భయం పట్టుకుంది.

గడప దగ్గర అతని భార్య పద్మ ఒడిలో చాట పెట్టుకొని బీడీలు చుడుతోంది.

"అన్నకు చాయ్ పెట్టు," అన్నాడు అంబదాస్.

"కట్ట అయినంక," అంది తల ఎత్తకుండానే.

ఇంటికొచ్చిన మనిషికి ఇదేం మర్యాద అని చుర్రుమంది నాకు. ఆమె ఇరవై ఐదు బీడీలు పూర్తి చేసి, కట్టకు దారం చుట్టి, అప్పుడు లేచింది. చాయ్ ఇస్తూ అంది: "ఏమనుకోకుండ్రి అన్నా. నడుమల లేస్తె లెక్కన్న తప్పుతది, బీడీ మూతి మడతన్న చెడుతది. కార్ఖానల బీడీలు చూసే చెకర్ వాపస్ పారేస్తడు. మీరు గూడ ఇరవై ఐదు అయినంకనే తల ఎత్తుండ్రి. ఆ ఫోన్ ఇటియ్యుండ్రి."

అవమానంగానే అనిపించింది. అయినా ఇచ్చేశాను. ఇరవై ఐదు కార్డులకోసారి దండకు గుడ్డపేలిక కట్టుకుంటూ పోయాను. ఐదో విడతలో దొరికింది. నూట పద్దెనిమిది, నూట పంతొమ్మిది ఒకటే. ఒకే వరుసను రెండుసార్లు కొట్టాను.

ఆ ఎక్కువ కార్డు తీసేసి తాడు మళ్లీ కుట్టాం. అంబదాస్ మగ్గం నడిపాడు. నెమలి మెడ శుభ్రంగా వచ్చింది. మూడింటికి వచ్చిన వ్యాపారి గుడ్డను వేలితో రుద్ది చూసి, ఆర్డర్ ఇచ్చి వెళ్లాడు.

"తప్పు నాదే అంబదాస్. పొద్దుగాల నిన్ను ఉత్తగనే అన్న," అన్నాను.

"నాకు అప్పుడే తెలుసన్నా. ప్రతి నెమలికి అదే జాగల గీత వస్తె మగ్గం తప్పెట్లయితది? కొట్లాడితె మీకు కోపమొస్తది. కోపంల ఉన్న మనిషి కార్డులు సక్కగ చూడడని ఊకున్న."



పద్మ చెప్పినది అలవాటు కావడానికి నాకు వారం పట్టింది. ఇప్పుడు ఇరవై ఐదు కార్డులు అయ్యేదాకా ఎవరు పిలిచినా లేవను. అంబదాస్ చేసింది మాత్రం ఇంకా చేతకాలేదు. మగ్గాలే పోయేలా ఉన్న పూట, నోటిదాకా వచ్చిన న్యాయమైన మాటను మింగేసి, జరగాల్సిన పని మీదే మనసు పెట్టాడు ఆ మనిషి.