ఫోటో మూలన తాండూరు రాయి

దయ్యాల కథలు ఇష్టంగా చదువుతాను గానీ ఒక్కటీ నమ్మలేదు. ఇప్పటికీ నమ్మను. ఇది మాత్రం నాకే జరిగింది. ఆ రోజు డైరీలో రాసుకున్నది కూడా ఉంది కాబట్టి చెబుతున్నాను.

మా నాయినకు తాండూరులో చిన్న ఫోటో స్టూడియో ఉండేది. నలుపు తెలుపు ఫోటోలకు ఇంట్లో కూర్చుని రంగులద్దడం నా పని. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. పెళ్లయిన కొత్తలో నాయిన ఆమెను అనంతగిరి అడవిలో ఒక వాగు ఒడ్డున కూర్చోబెట్టి ఫోటో తీశాడట. దానికీ నేనే రంగులు వేశాను. నాయిన చాలాసేపు చూసి, "మంచిగున్నది బిడ్డా. కాని గా పచ్చ వేరు," అన్నాడు.

తర్వాత ఆయనకు ఊపిరితిత్తుల జబ్బు చేసింది. వికారాబాద్ దగ్గర ఆ అనంతగిరి గుట్ట మీదే ఉన్న ఆసుపత్రిలో చేర్చాం. ఆపరేషను తప్పదన్నారు. దానికి ముందు ఆ వాగును అసలు రంగుల్లో ఒక్కసారి చూడాలన్నది ఆయన కోరిక. నడిచే శక్తి లేదు. దాచుకున్న ఒకే ఒక్క రంగుల ఫిల్ము కెమెరాలో వేసి నాకిచ్చాడు.

లెన్సు ముందు పెట్టే నల్ల ఫిల్టరు కూడా ఇచ్చాడు. అది వెలుతురు తగ్గిస్తుంది. అప్పుడు లెన్సు ఎక్కువసేపు తెరిచి ఉంచితే పారే నీళ్లు దూదిలా వస్తాయి. చిక్కేమిటంటే, రంగుల ఫిల్ము మీద అది అన్నిటికీ ఎరుపు పులుముతుంది.

"గీ అద్దం ఆకులకు గూడ కుంకుమ పెడ్తది," అని నవ్వి, అరచేతిలో పట్టేంత తాండూరు రాయి చూపించాడు. నలుచదరపు బూడిద రంగు బిళ్ల, ఒక మూల విరిగింది. "ప్రతి ఫోటోల ఓ మూలకు దీన్ని పెట్టు. ఫిల్ము కడిగే బొంబాయోళ్లకు నేను చీటీ రాసిస్త. వాళ్లు రాయిని రాయి రంగుకు తెస్తే, ఆకులు గూడ వాటి రంగుకొస్తయి."

నేను సిగ్గరిని. వార్డులో అందరూ చూస్తున్నారని తల వంచుకుని గబగబా బయటపడ్డాను. వాగు దగ్గర సంచి వెతికితే రాయి లేదు. మాటల్లో నాయిన చేతిలోనే ఉండిపోయింది. తిరిగి వెళ్తే వెలుతురు పోతుంది. రాయి లేకుండానే ఎనిమిది ఫోటోలు తీశాను. చుట్టూ అన్నీ ఎర్రటి గుండ్రాళ్లే.

వచ్చేసరికి నాయిన పిడికిలి బిగించి నిద్రపోతున్నాడు. "నువ్వు పోయినకాంచి గట్లనే పన్నడు. గా రాయేమన్న బంగారమా, జర గూడ ఇడుస్తలేడు!" అంది ఆయా. మెల్లగా వేళ్లు విప్పి తీసుకున్నాను. రాయి చల్లగా, తడిగా ఉంది. చెమట అనుకున్నాను. డైరీలోనూ అలాగే రాశాను.

లేచాక, "రాయి పెట్టినవా?" అని అడిగాడు. తలూపాను. ఆ అబద్ధం నన్ను మూడు వారాలు సరిగా నిద్రపోనివ్వలేదు.

ఆపరేషనుకు రెండు రోజుల ముందు బొంబాయి నుంచి ఫోటోలు వచ్చాయి. ఏడు ఎర్రబారి ఉన్నాయి. లోపల ఒక చీటీ: రాయి కనిపించిన ఒక్క ఫోటోనే సరిచేయగలిగామని, మిగతావాటికి ఆధారం లేదని.

ఎనిమిదోదానిలో నీళ్లు తెల్లగా, ఆకులు పచ్చగా ఉన్నాయి. కింది మూలన, తడి బండ మీద బూడిద రంగు బిళ్ల. దానికీ ఒక మూల విరిగింది.

నాయిన ఫోటోను కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు. "గదే పచ్చ," అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. "రాయి నేను పెట్టలేదు నాయినా."

"నాకెరుకే. నా చేతిలనే ఉండె గద."

"మరి ఇదెట్ల?"

ఆయన ఫోటోలో రాయి ఉన్న చోట వేలు ఆనించి, "మీ అమ్మ గీడ్నే కూసున్నది," అన్నాడు.

ఆపరేషను తర్వాత నాయిన మూడేళ్లు బతికాడు. ఇప్పుడు స్టూడియో నేనే చూస్తున్నాను. ఆ బిళ్ల ఫోటోలోకి ఎలా వచ్చిందో ఎన్ని విధాల ఆలోచించినా తేలలేదు. రంగుల ఫిల్ము దొరికినప్పుడల్లా ఆ వాగుకు వెళ్తాను. రాయిని కావాలనే ఇంట్లో వదిలి వెళ్తాను. ఫోటోలు రాగానే ముందు మూలలే చూస్తాను.