ఇత్తడి బిళ్ల కొట్టిన డ్రైవ్

కరోనా రెండో విడత తగ్గిన మరుసటి ఏడాది, ఏప్రిల్ చివర, నన్ను ఆదిలాబాద్ వైపు ఒక ముంపు సర్వేకు బాధ్యుణ్ణి చేస్తూ ఉత్తర్వు వచ్చింది. అప్పటికి నేను కరీంనగర్‌లో సర్వే, భూరికార్డుల శాఖ అసిస్టెంట్ డైరెక్టర్‌ని. ఉద్యోగ విరమణకు ఇంకా పద్నాలుగు నెలలు ఉన్నాయి.

పని చిన్నదే. ఒక వాగుకు అడ్డంగా కట్ట కట్టారు. ఆ వానాకాలం నుంచి దానిలో నీళ్లు నిలుపుతారు. నీళ్లు నిలిచే చోట ఒక పల్లె సాగుభూమి ఉంది. రికార్డులో అదంతా ఒకే సర్వే నంబరు. నేల మీద మాత్రం ముప్పై ఎనిమిది కుటుంబాలు గట్లు వేసుకుని, మూలమూలకు హద్దురాళ్లు పాతుకుని, రెండు తరాలుగా విడివిడిగా దున్నుకుంటున్నాయి. ఆ పంపకం ఏ కాగితంలోనూ లేదు. గట్లు కంటికి కనిపిస్తున్నంత కాలం వాటిని కొలిచి ఎవరిది ఎంతో రాయవచ్చు. ఒకసారి మునిగితే రాయడానికి ఆధారం ఉండదు. బదులు భూమి ఇచ్చేది మా కొలత చూసే కనుక, కొలత లేనివాడికి భూమి లేనట్టే.

కొలిచే పద్ధతి డ్రోన్. నేల మీద సున్నంతో గుర్తులు వేసి, వాటి స్థానాలను ముందుగా నిర్ధారించుకుంటాం. తర్వాత డ్రోన్ వరుసలు వరుసలుగా ఎగురుతూ ఒకదాని అంచు మీదికి ఇంకొకటి వచ్చేలా ఫొటోలు తీస్తుంది. ఆఫీసులోని పెద్ద కంప్యూటర్ వాటన్నిటినీ కలిపి ఒక్క నక్షగా మారుస్తుంది. ఆ పల్లెలో ఫోన్ మాట్లాడాలంటేనే మిట్ట ఎక్కాలి. కాబట్టి ఏ రోజు ఫొటోలు ఆ రోజు ఒక డ్రైవ్‌లోకి ఎక్కించి, డ్రోన్ మెమరీ కార్డులు చెరిపి, మరునాటికి సిద్ధం చేసుకోవాలి. క్యాంపు లాప్‌టాప్‌లో అంత చోటు లేదు. మొత్తం సర్వే ఆ డ్రైవ్‌లోనే కరీంనగర్ చేరాలి.

ఆ డ్రైవ్ కొనే పనిని నేనే మీద వేసుకున్నాను. మామూలు హార్డ్ డిస్కులో ఒక పళ్లెం తిరుగుతూ ఉంటుంది. జీపు కుదుపులకు అది పాడైపోవచ్చు. సాలిడ్ స్టేట్ డ్రైవ్, అంటే ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగమే లేదు. అందులోనూ గట్టి రకం ఉంటుంది, దాన్ని రగ్డ్ అంటారు. రబ్బరు తొడుగు, దుమ్ము చొరని అతుకు, మీటరు లోతు నీళ్లలో అరగంట పడి ఉన్నా తట్టుకుంటుందని పెట్టె మీద హామీ. నాకు అదే కావాలి అనిపించింది.

హామీలను నమ్మే అలవాటు నాకు లేదు. టవర్ సర్కిల్ దగ్గరి మూడు దుకాణాలకు లాప్‌టాప్ పట్టుకుని వెళ్లాను. పెట్టె మీద రాసిన వేగం మొదటి రెండు మూడు నిమిషాలదే. ఆ తర్వాత డ్రైవ్ వేడెక్కి మందగిస్తుంది. మండే ఎండలో గుడారం కింద పని చేయాల్సిన వస్తువు కనుక, ఒక్కొక్కదానిలో ఇరవై నిమిషాలపాటు ఫొటోలు ఎక్కించి చూశాను. కేబుల్ వదులుగా ఉందేమోనని కదిపి చూశాను. మూడో దుకాణదారు ఓపిక నశించి అడిగేశాడు.

“సార్, గిది డ్రైవ్ కొనుడా, పెండ్లి సంబంధం చూసుడా?”

వారంటీ ఎన్నేళ్లని అడిగితే, “ఐదేండ్లు. గని వారంటీ డబ్బాకే సార్, లోపల మీరు పెట్టుకున్నదానికి కాదు,” అన్నాడు. ఆ మాట మీద నేను ఆగి ఉండవలసింది. ఆగలేదు.

నాతో వచ్చిన మా సర్వేయర్ సుజాత ఆగింది. మంచిర్యాల దగ్గర మిషన్ కాంపౌండులో పెరిగిన మనిషి, తక్కువ మాట్లాడుతుంది. ఆఫీసుకు వచ్చాక నెమ్మదిగా చెప్పింది: “గీ ఒక్కదాని పైసలల్ల మామూలు ఎస్‌ఎస్‌డీలు రెండొస్తయి సార్. ఒకటి మీ దగ్గర, ఒకటి నా దగ్గర పెట్టుకుందాం. ఒకటి పోయినా ఇంకొకటుంటది.”

నేను ఒప్పుకోలేదు. ప్రభుత్వ సామాను కొనేటప్పుడు మంచిది ఒకటి కొనాలి, నాసివి రెండు కాదు అన్నాను. నిజానికి ఆమె నాసివి అనలేదు, మామూలువి అంది. మూడు కొటేషన్లలో తక్కువ ధరదే తీసుకోవాలన్నది నియమం. ఎక్కువ ధరది ఎందుకు కావాలో నోట్ ఫైల్‌లో ఒకటిన్నర పేజీ రాసి, ఆడిట్ అభ్యంతరం వస్తే బాధ్యత నాదేనని సంతకం చేశాను. ఆ రోజు నుంచి అది ఆఫీసు డ్రైవ్ కాకుండా నా పరువుగా మారిపోయింది.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. జగిత్యాల వైపు మా తాతకు గడి, అంటే కోటలాంటి దొరల ఇల్లు ఉండేది. గడిలోని ప్రతి బిందె మీద, ప్రతి గంగాళం మీద ఆయన పేరు చెక్కించేవారు. గడి పోయింది, సామాను చెల్లాచెదురైంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో వేములవాడ బస్టాండు దగ్గర ఒక హోటల్లో చాయ్ తాగుతూ, గిన్నెలు కడిగే నీళ్లు మా తాత పేరున్న గంగాళంలో నిండి ఉండటం చూశాను. చాయ్ పూర్తిగా తాగి లేచి వచ్చాను. వస్తువు చేతులు మారినా గుర్తు నిలుస్తుందని ఆ రోజు అనుకున్నాను. అసిస్టెంట్ డైరెక్టర్ అయ్యాక మా స్టోరుకు సర్క్యులర్ ఇచ్చాను: కొలత గొలుసు నుంచి కోణాలు కొలిచే థియోడలైట్ దాకా ఏ సామానైనా, స్టాక్ నంబరు చెక్కిన ఇత్తడి బిళ్ల రివిట్ కొట్టకుండా స్టోరు గడప దాటరాదు. ఎటువంటి మినహాయింపూ లేదు.

స్టోర్‌కీపర్ రాజమల్లు ఆ సర్క్యులర్‌ను అక్షరాలా పాటించాడు. డ్రైవ్ మూలకు రెండు కన్నాలు వేసి బిళ్ల బిగించి నా బల్ల మీద పెట్టాడు. చూసిన సుజాత ముఖం మారింది.

“గిదేంది రాజమల్లన్నా, తాడు గట్టుకునేటందుకు మూలకు కన్నం ముందే ఉన్నది గదా!”

“సర్క్యులర్ల తాడని లేదు బిడ్డా, రివిట్ అని ఉన్నది. లోపల ఏం తగలలే. పెట్టి చూడు, మంచిగ నడుస్తది.”

నడిచింది. బిళ్ల తిన్నగా, అందంగా కూర్చుంది. నేను తృప్తిగా చూసి రిజిస్టర్‌లో సంతకం చేశాను. నీళ్లు చొరనివ్వని అతుకును మేమే తెంచామన్న ఆలోచన నాకు రాలేదు. సుజాతకు వచ్చి ఉంటుంది. నా ముఖం చూసి ఊరుకుంది.

జూన్ మొదటి వారంలో మూడు రోజులు ఎగరేశాం. రోజూ సాయంత్రం ఫొటోలు డ్రైవ్‌లోకి ఎక్కించి, లెక్క సరిచూసి, కార్డులు చెరిపించేవాణ్ణి. మూడో రోజు ఎగువన వాన పడింది. ఆ రోజు కార్డులు కూడా చెరిపించి పని ముగించేసరికి, వాగు దాటే కాజ్‌వే మీద నీళ్లు పారుతున్నాయి. జీపు మధ్యలో ఆగిపోయింది. దిగి నడిచాం. డ్రైవ్ ఉన్న సంచి నేనే పట్టుకున్నాను, ఇంకెవరికీ ఇవ్వలేదు. అంచు దగ్గర కాలు జారి నడుము లోతు నీళ్లలో పడ్డాను. సంచి చేయి జారి మునిగి, రెండు మూడు నిమిషాల తర్వాత చేతికి చిక్కింది. డ్రైవర్ కంగారు పడితే నేనే ధైర్యం చెప్పాను: అది నీళ్లకు భయపడే వస్తువు కాదు.

జీపును ఒడ్డుకు తోయించి బయలుదేరాం. కరీంనగర్ దాకా నాలుగు గంటల ప్రయాణం. చెన్నూరు దాటేవరకు ధైర్యంగానే ఉన్నాను. తర్వాత చేయి మాటిమాటికీ సంచి మీదికి పోయింది. బయట తుడిచేశాను. అయినా బిళ్ల దగ్గర తడి ఆరడం లేదు. తుడిచినకొద్దీ రివిట్ చుట్టూ సన్నగా ఊరుతోంది. నేను సుజాతకు చూపించలేదు. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

మరునాడు ఉదయం కంప్యూటర్‌కు తగిలిస్తే డ్రైవ్ వెలగలేదు. కేబుల్ మార్చాం, కంప్యూటర్ మార్చాం. సుజాత దాన్ని నిలువుగా పట్టుకుంది. ఇత్తడి బిళ్ల అంచు నుంచి ఒక చుక్క బల్ల మీద పడింది. రిపేరు దుకాణంలో విప్పి చూస్తే లోపలి పలక మీద పచ్చటి మరక. అక్కడివారు ప్రయత్నిస్తామన్నారు గానీ మాట ఇవ్వలేదు.

ఆఫీసుకు వచ్చి మొదట నేను చేసిన పని, రాజమల్లుకు సంజాయిషీ మెమో రాయించడం. అతను మెమో చదివి, ఫైలు తీసి, నా సర్క్యులర్ నా ముందు పెట్టాడు.

“మీరే రాసిన్రు సార్. మినహాయింపు లేదన్నరు.”

గొంతులో ఎకసెక్కం లేదు. అదే నాకు ఎక్కువ కష్టంగా తోచింది. మెమో చింపేశాను.

ప్రాజెక్టు ఇంజనీరుకు ఫోన్ చేసి నీళ్లు నింపడం ఒక వారం ఆపమని అడిగాను. ఆయన, “మేం నింపుతలేం సార్, వాగే నింపుతంది. కింది చెలకలల్ల మోకాలెత్తు వచ్చినయ్. రేపటి దాక పై గట్లన్న ఉంటయి, ఎల్లుండి నా చేతుల లేదు,” అన్నారు. ఆ మధ్యాహ్నమే రెండు జీపుల్లో బయలుదేరాం. కార్డులు ఖాళీగా ఉన్నాయి. ఈసారి రెండు డ్రైవ్‌లు ఉన్నాయి. ఒకటి నా ఇంట్లోది. రెండోది సుజాత తెచ్చిన పాత డిస్క్, దాని కోసం ఆమె కుట్టిన గుడ్డ సంచిలో ఉంది. అందులో వాళ్ల చర్చి పాటలున్నాయట. వాటిని ఇంకోచోట దాచి, చోటు ఖాళీ చేసింది.

పల్లెకు చేరేసరికి నేను భయపడినట్టే ఉంది. మిట్ట మీది గట్లు బయట ఉన్నాయి. కింది సగం భూమి మీద ఎర్రటి నీళ్లు నిలిచి, ఒక్క గట్టూ కనిపించడం లేదు. జనం పోగయ్యారు. కొలిచి పోయినవాళ్లు మళ్లీ ఎందుకొచ్చారని అడిగారు. జీపులో వస్తున్నంతసేపూ నేను దీనికి జవాబు తయారు చేసుకుంటూనే ఉన్నాను. సాంకేతిక కారణాలు అనవచ్చు. వాన అనవచ్చు. నిలబడి, మీ కొలత పోయింది, నేనిచ్చిన ఉత్తర్వు వల్ల పోయింది, తప్పు నాది అన్నాను. నలభై ఏళ్లలో ఆ వాక్యం నేను ఎవరి ముందూ అనలేదు.

ఊరి పెద్దమనిషి లచ్చన్న చుట్ట తీసి పక్కన పెట్టాడు.

“ఎన్కటోళ్లు గొలుసుతోని కొలిసి రాయి పాతి పోయిన్రు. అది ఇంకా ఉన్నది. మీరు మబ్బులల్లకెల్లి కొలిసిన్రు, అది వాగుల వోయింది. మంచిగనే ఉన్నది సారూ మీ కొలుసుడు!”

కొందరు నవ్వారు. రాళ్లు కనబడటం లేదు కదా అన్నాను.

“మీకు కనవడయి. మా కాళ్లకు దొరుకుతయి,” అన్నాడు లచ్చన్న.

దారి అలా దొరికింది. మరునాడు తెల్లవారగానే రాయికొకరు చొప్పున ఎవరి రాళ్ల దగ్గరికి వాళ్లు నీళ్లలోకి దిగారు. కాలితో తడిమి, రాయి తగిలిన చోట నిలబడ్డారు. పైనుంచి స్పష్టంగా కనబడేందుకు సుజాత తెల్లటి యూరియా సంచులు మడిచి నెత్తిన కప్పుకోమంది. ఇద్దరికి ఉమ్మడి రాయి అయితే ఇద్దరూ అక్కడే నిలబడాలి. భర్త పోయిన పోశవ్వ తన మూలకు తానే దిగింది. నీళ్లు ఆమె నడుము దాకా వచ్చాయి. పక్క చెలక దున్నే రాజన్న ఆమె వైపు నాలుగడుగులు జరిగి నిలబడితే ఒడ్డున ఉన్న మాకు కూడా వినబడేలా అరిచింది.

“ఓ రాజన్నా! నిరుడు గీడ లేకుంటివి గదనే, రాయికి కాళ్లొచ్చినయా?”

“నీళ్లు గుంజుకొచ్చినయ్ వదినే!”

“గట్లనా? మరి గుంజినట్టే ఎన్కకు వో!”

నీళ్లలో ఉన్నవాళ్లంతా నవ్వారు. రాజన్న వెనక్కి వెళ్లి, కాలితో వెతికి, రాయి తగిలాక చెయ్యెత్తాడు. డ్రోన్ లేచింది. మూడు రోజుల పని ఒక్క పూటలో ముగించాలి కనుక ఈసారి ఎక్కువ ఎత్తున ఎగరేశాం. గాలి ఉంటే అది ఎగరడం కష్టం, వాన వస్తే అసలే కుదరదు. పడమటి నుంచి మబ్బు వస్తోంది. నేను గడియారం చూడటం మాని మబ్బునే చూస్తున్నాను. బ్యాటరీ మార్చేందుకు రెండుసార్లు దించవలసి వచ్చింది. ఆ గంటన్నరా ఒక్కరూ నిలబడ్డ చోటు వదలలేదు. సుజాత చేతిలోని తెర మీద ఎర్రటి నీళ్లలో తెల్లటి చుక్కలు వరుసలుగా కనిపించాయి. వాటిని కలిపితే గట్లు.

మొదటి చినుకు పడేసరికి డ్రోన్ పెట్టెలో ఉంది. ఫొటోలు రెండు డ్రైవ్‌లలోకీ ఎక్కించాం. ఒకటి సుజాత తన జీపులో తీసుకుంది, ఒకటి నేను ఇంకో జీపులో. కార్డులు చెరపలేదు. అవి లచ్చన్న ఇంట్లో బియ్యం డబ్బాలో ఉంచి, కరీంనగర్‌లో రెండు డ్రైవ్‌లూ తెరుచుకున్నాయని తెలిశాకే తెప్పించాం. నీళ్లు లోతై రాయి చిక్కని రెండు మూలలకు మాత్రం, చుట్టుపక్కలవాళ్ల ఒప్పుకోలు రాయించుకుని నక్షలో వేరే గీతతో చూపించాం. ముప్పై ఎనిమిది కుటుంబాల పేర్లూ ముప్పై ఎనిమిది ముక్కల మీద ఎక్కాయి.

నివేదికలో మొదటి సర్వే ఎందుకు పోయిందో రాశాను, ఎవరి ఉత్తర్వు వల్ల అన్న చోట నా హోదా రాశాను. పైనుంచి మందలింపు వచ్చింది. నా సర్వీసు రికార్డులో అదొక్కటే ఉంది. సర్క్యులర్‌ను నేనే రద్దు చేశాను. ఆ తర్వాత ఎలక్ట్రానిక్ సామానుకు నంబరు కాగితం మీద రాసి టేపుతో అంటించేవారు.

పాత డ్రైవ్ నుంచి ఏమీ బయటికి రాలేదు. పనికిరాని సామాను రిజిస్టర్‌లో దాన్ని ఎక్కిస్తుంటే రాజమల్లు బిళ్లను గుడ్డతో ఒకసారి తుడిచాడు. అది కొట్టిన రోజు ఎలా మెరిసిందో అలాగే మెరిసింది, నంబరులో ఒక్క గీత చెరగలేదు. డ్రైవ్ ఎలా ఎంచుకోవాలని ఇప్పటికీ కొందరు కుర్ర సర్వేయర్లు ఫోన్ చేస్తారు. వేగం, వేడి, కేబుల్ గురించి నాకు తెలిసింది చెబుతాను. గట్టిది దొరికితే కొనమంటాను. కానీ ముందు రెండు కొనమంటాను, వాటిని ఇద్దరి చేతుల్లో పంపమంటాను, రెండూ తెరుచుకునేదాకా కార్డు చెరపవద్దంటాను. ఆ మూడు మాటలూ సుజాత మొదటిరోజే నాతో అనగలిగినవి. మొదటి రెండూ అంది. మూడోది నేను అననివ్వలేదు.