వాగు ఒడ్డున వట్టివేరు

పోయిన వారం మా వాగు ఒడ్డున కొందరు కుర్రవాళ్లు వట్టివేరు పిలకలు నాటుతూ, ఇక్కడ ఇదివరకు ఎవరైనా నాటారా అని నన్ను అడిగారు. లేదన్నాను. ఆ అబద్ధం అప్పటినుంచీ కుదురుగా ఉండనివ్వడం లేదు. అందుకే ఇది రాసిపెడుతున్నాను.

ఎనభైల చివర బొల్లారం మందుల కంపెనీలో పని, అక్కడే కిరాయి గది, సెలవు రోజున సంగారెడ్డి గ్రంథాలయం, ఇంతే నా లోకం. బడి చదువు ఏడుతో ఆగినా అక్కడి వ్యవసాయ పుస్తకాలు ఒక్కటీ వదల్లేదు. ఊళ్లో ఏటా వానలకు వాగు మా మడిని కోసుకుపోయేది. వట్టివేరు వేళ్లు నిలువునా లోతుకు దిగి మట్టిని పట్టుకుంటాయని ఒక పుస్తకంలో చదివి, పిలకలు సంపాదించి, తొలకరిలో ఒత్తుగా వరుస నాటాను. సేద్యం చూసుకునే అన్న గట్టున నిలబడి నవ్వాడు.

"వాగుకు గడ్డి అడ్డం పెడ్తవా తమ్మీ? దానికి గూడ జెర సదివి వినిపియ్యి."

అయినా నేను లేని రోజుల్లో పశువులు తొక్కకుండా కాసింది ఆయనే.

రెండు వానాకాలాలు ఒడ్డు కదల్లేదు. ఆ తర్వాతి ఎండాకాలం బస్సు దిగి వాగు దారిన వస్తుంటే సగం వరుస తవ్వేసి ఉంది. కూలర్ల తడకలకు వేళ్లు అమ్ముకున్నాడనుకుని, పొలంలోనే అన్నను నోటికొచ్చినట్టు అన్నాను.

"గడ్డే గద తమ్మీ, మల్ల మొలుస్తది" అన్నాడంతే. ఇంటి గడప తొక్కకుండానే తిరుగు బస్సెక్కాను.

నెల తర్వాత వెళితే, అమ్మ మంచం పక్క కిటికీకి వట్టివేళ్ల తడక తడితడిగా వేలాడుతోంది. వడదెబ్బతో పది రోజులు లేవలేదట. నా నౌకరి పోతుందని, నాకు చెప్పొద్దని అన్న చేత ఒట్టు వేయించుకుందట.

"మీ అన్న కట్టిండు బిడ్డా, సల్లగున్నది" అంది.

ఆ వానలకు తవ్విన చోటే ఒడ్డు జారి మడిలో సగం పోయింది. ఆ రోజు పొలంలో తిట్టిన తప్పు నాదని నేను ఆయనతో అనలేకపోయాను. ఆ తర్వాత ఇద్దరం ఒకే అరుగు మీద కూర్చున్నా వానల గురించే మాట్లాడుకునేవాళ్లం.

ఇప్పుడు అమ్మ లేదు, అన్నా లేడు. మిగిలిన మడి ఊరి పక్కన కొత్తగా వచ్చిన ఒక కంపెనీ ప్రహరీ లోపలికి పోయింది, వాగులో నురగ పారుతోంది. తవ్వని సగం వరుస మాత్రం మనిషెత్తు పెరిగి ఒడ్డును పట్టుకునే ఉంది. కుర్రవాళ్లు దాన్ని అడవిగడ్డి అనుకున్నారు.

ఆ పుస్తకం నాకోసం పక్కన పెట్టిన గ్రంథాలయం పెద్దాయనకు, పిలకలకు కుండలతో నీళ్లు మోసిన వదినకు నమస్కారాలు. అన్నకు చెప్పవలసింది ఆయన ఉండగా చెప్పలేకపోయాను. రేపు వెళ్లి ఆ కుర్రవాళ్లకైనా చెప్పాలి, ఇక్కడ నాటినవాడు ఒకడున్నాడని, కాపాడినవాడు వాడి అన్న అని.