మోటర్ల కరెంటులో ద్రాక్షరసం

కరెంటు వచ్చిందంటే ఊరందరికీ సంబరం, నాకు మాత్రం ఒళ్లు మండేది. తొంభైల్లో, అత్వెల్లిలో మా అత్తగారింటి వెనకే ద్రాక్షతోట ఉండేది. త్రీఫేజు కరెంటు రాగానే ఊళ్లో ప్రతి బోరు మోటరూ దానంతటదే మొదలయ్యేది. బోరు దగ్గరికి పరుగెత్తే పని తప్పుతుందని అందరూ ఆటోమేటిక్ స్టార్టర్లు పెట్టించుకున్నారు. అన్నీ ఒక్కసారే గుంజేసరికి ఇంట్లో బల్బు ఎర్రగా మిణుకుమనేది. పుట్టింటి నుంచి తెచ్చుకున్న నా మిక్సీ మూలిగేదే తప్ప తిరిగేది కాదు. ఇంటి నిండా ద్రాక్ష, ఒక్క గ్లాసు రసానికి దిక్కు లేదు. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని!

ఆ ఎండాకాలం మా నాయిన పళ్లన్నీ పీకించుకున్నాడు. చిగుళ్లింకా మానలేదు. జావ తప్ప ఏదీ దిగక మనిషి సగమయ్యాడు. అలాంటివాడు అల్వాల్ నుంచి మిట్టమధ్యాహ్నం బస్సులో వచ్చి, చెమట తుడుచుకుంటూ అరుగు మీద కూర్చున్నాడు.

"వంట ఏం జెయ్యకు బిడ్డా. మీ తోట ద్రాక్షరసం ఒక్క గ్లాసు ఇయ్యి, సాలు" అన్నాడు.

నా దగ్గర నోరు తెరిచి ఏదైనా అడగడం ఆయనకు అదే మొదలు. ద్రాక్ష కడిగి, చక్కెర, చిటికెడు ఉప్పు, కుండనీళ్లు వేసి మిక్సీ తిప్పాను. గుర్రుమంది, అంతే. మళ్లీ తిప్పితే కాలిన వాసన వచ్చింది. తోటలోకి ఉరికాను.

"మామా, నాయిన వచ్చిండు. మోటరు జరసేపు బంద్ జెయ్యున్రి."

"మనదొక్కటి బంద్ జేస్తే ఏమైతది బిడ్డా? ఊరంత నడుస్తున్నయి. గీ కరెంటు పోతే మళ్ల రేపే" అన్నాడు మామ, కాలువకు మట్టి అడ్డం వేస్తూ.

ఆయన అన్నది నిజమే. అందుకే ఇంకా కోపం వచ్చింది. మాటవరసకైనా ఆపి చూడొచ్చు కదా!

పోనీ చేత్తో పిసికి ఇద్దామంటే అత్తమ్మ ఒప్పుకోలేదు. "ఇయ్యంకునికి పిసికిన రసం పోస్తరా? ఇంట్ల మిక్సీ పెట్టుకొని? ఇజ్జత్ పోతది" అని తనే సల్ల తెచ్చి ఇచ్చింది. ఆ పుల్లటి మజ్జిగకు చిగుళ్లు మండి, నాయిన ఒక్క గుక్కతో పక్కన పెట్టాడు. ఒక ద్రాక్షపండు నోట్లో వేసుకుని నొక్కబోయి, కళ్లు గట్టిగా మూసుకుని బయటికి తీసేశాడు. అది చూడలేక వంటింట్లోకి పోయి మిక్సీ బటన్ తిప్పేసరికి ఉన్న కరెంటు కాస్తా పోయింది. విసుగొచ్చి బటన్ అలాగే వదిలేశాను.

బస్సు వేళయిందని నాయిన లేచాడు. "మళ్లొచ్చినప్పుడు తాగుత తియ్యి" అన్నాడు నవ్వుతూ. ఆ నవ్వుకు నాకు ఏడుపు తన్నుకొచ్చింది. రోడ్డు దాకా వెళ్లి బస్సెక్కించి వచ్చాను.

వాకిట్లోకి రాగానే చప్పుడు వినబడింది. మోటర్ల టైము అయిపోయి ఇంటి కరెంటు వచ్చినట్టుంది, మిక్సీ దానంతటదే రయ్యిమని తిరుగుతోంది. ఆపి, వడగట్టి, గ్లాసులో పోశాను. ఎవరి కోసం పోశానో నాకే తెలియదు.

తోటలోంచి మామ ఎండకు కమిలిపోయి వచ్చాడు. వంటింటి గట్టు మీది గ్లాసు అందుకుని గటగటా తాగేశాడు.

"మస్తుంది బిడ్డా. మీ నాయినకు నచ్చిందా?"

"మా నాయిన బస్సెక్కిండు మామా" అన్నాను.

ఆయన చేతిలో గ్లాసు అప్పటికే ఖాళీ.